పప్పుగుత్తి లేని ఇల్లు

పెళ్ళికి వెళితే అందరూ పెళ్ళికూతురి నగలు చూస్తారు. నేను మూలన కూర్చున్న ముసలమ్మను వెతుక్కుంటాను. ఆమె పక్కన చేరి, ఆకూవక్కా చుట్టిచ్చి, మీవాళ్ళు ఈ సీమకు ఏ దారిన వచ్చారు, మీ ఇంట్లో ఏమేమి చెయ్యకూడదు అని మొదలుపెడతాను. చిన్నప్పటి నుంచీ నాకు ఇదే పిచ్చి. ఈసారి ఎవరి తాతను తవ్వి తీస్తావని నా భర్త బండి కట్టేటప్పుడే ఎగతాళి చేసేవాడు. చేసుకోనీ. ఆయనకు పులిజూదం ఎలాగో నాకు ఇది అలాగ.

ఆ రెండో ప్రశ్నలోనే అసలు సంగతి ఉంది. మేము తెలుగుదేశం విడిచి ఈ అరవసీమకు వచ్చి ఎన్ని తరాలయిందో మాలో ఎవరికీ తెలియదు. ముత్తాత పేరు అడిగితే నీళ్ళు నములుతారు. కాని ఫలానా ఇంట్లో నువ్వులు చల్లరు, ఫలానా ఇంటి కోడళ్ళు శుక్రవారం మజ్జిగ చిలకరు అన్నది మాత్రం ఎవరూ మరిచిపోరు. ఎక్కడ చెయ్యకూడదని ఉందో అక్కడ ఎప్పుడో గట్టి దెబ్బ తగిలిందన్నమాట. అక్షరాలు మా నాయన ఇసుకలో దిద్దించాడు గాని, ఈ విద్య నాకు నేనే నేర్చుకున్నాను.

అన్నూరులో మా పుట్టింట్లో రెండు పనులు చెయ్యరు. ఉయ్యాల కట్టరు. పప్పుగుత్తిని గడప దాటి లోపలికి రానివ్వరు. మేమంతా చేటలోనూ చాపమీదా పెరిగినవాళ్ళం. పప్పు ఉడికితే మా అమ్మ చెంబు అడుగుతో మెదిపేది. వేళ్ళు కాలితే చెవితమ్మె పట్టుకుని, "మీ వంశానికో దండం" అనేది. నేను పెద్ద పండితురాలిలా ఆలోచించి, మన ఇంటిదేవతకు పప్పుగుత్తి ఆయుధమై ఉంటుందని చెల్లెళ్ళకు చెప్పాను. పాపం, వాళ్ళు నమ్మారు కూడా.

ఇంకొకటి ఉంది. అది ఆచారం కాదు. పొద్దు గూకే వేళ, పశువులు ఇల్లు చేరాక, మా అవ్వ, అంటే మా నాయన తల్లి, చేతిలో పని ఆపి చెవి ఒగ్గేది.

"బిడ్డ ఏడుస్తా ఉండాది. ఎవరన్నా ఎత్తుకోండే" అనేది.

ఇంట్లో పసిబిడ్డ లేని రోజుల్లో కూడా అనేది. మేము వెళ్ళి పెరట్లో చూసి వచ్చేవాళ్ళం. ఎవరూ ఉండేవారు కాదు. నాకు ఆ వేళంటే భయం, ఆ భయం పైకి చెప్పుకోవాలంటే సిగ్గు. వాకిట్లో ఒక్కదాన్నే నిలబడి వినేదాన్ని. ఒక్కోసారి నాకూ వినపడినట్టే ఉండేది.

నా తొలి కానుపుకు పుట్టింటికి వచ్చాను. బిడ్డ చేటలో నిద్రపోక ప్రాణం తీస్తుంటే, విసుగెత్తి ఒక పాత చీరను దూలానికి ఉయ్యాలగా కట్టి ఊపాను. మావైపు దాన్ని తూళి అంటారు. లోపలికి వచ్చిన అవ్వ దాన్ని చూసి, గోడ పట్టుకుని కూలబడింది. నేను ఇన్నేళ్ళు గుచ్చి గుచ్చి అడిగినా చెప్పని కథ ఆ రోజు చెప్పింది.

కుంపిణీవాళ్ళు మదుర సీమలో పాలెగార్ల కోటలు పడగొడుతున్న రోజులవి. ఏ ఊరికి ఎప్పుడు ఏం మూడుతుందో తెలియక మావాళ్ళు నల్లరేగడి చేలు వదిలి, బండ్లు కట్టుకుని కోయంబత్తూరు వైపు బయలుదేరారు. ఒట్టన్‌చత్రం దగ్గర ఒక చింతతోపులో దిగి పొయ్యి రాజేశారు. అవ్వకు అప్పటికి ఇద్దరు పిల్లలు. అప్పుడప్పుడే నడక నేర్చిన మా నాయన ఒకడు, పాలు తాగే ఆడపిల్ల ఒకతె.

"చింతకొమ్మకు తూళి కట్టితిని" అంది అవ్వ. "చీర మూసుకుపోకుండా అడ్డం పెట్టేదానికి కట్టె దొరకలే. పప్పుగుత్తి పెడితిని. అంతలో పటాలం వస్తా ఉండాదని ఎవరో అరిచిరి. మీ నాయన్ని చంకనేసుకొని పరుగెత్తితిని. బిడ్డ అత్త దగ్గరుండాదని నేననుకొంటి. నా దగ్గరుండాదని అత్త అనుకొనె. బండ్లు నిలిచినాక చూస్తే ఇద్దరి చేతులూ వట్టివే."

పటాలం ఆ దారిన రానే లేదట. మరునాడు తాత ఒక్కడే వెనక్కి వెళ్ళి వచ్చి, చెట్టుకు తూళి లేదని చెప్పాడు. అవ్వ నమ్మలేదు. భయపడి సగం దారిలోనే తిరిగొచ్చి అబద్ధమాడాడనుకుంది. ఆయన పోయేదాకా ఆయనకు అన్నం పెట్టింది గాని, నోరు విప్పి ఒక మాట మాట్లాడలేదు.

"నక్కలు తినెనో, ఎవరన్నా ఎత్తుకొనిరో" అంది. "అదొక్కటి తెలిస్తే నిమ్మళంగా పోతాను అమ్మణీ. ఊరందరి కథలూ అడుగుతావే, నా కథ అడగరాదా?"

అడిగాను. వెళ్ళిన ప్రతి పెళ్ళిలో, ప్రతి చావులో అడిగాను. ఎవరికీ తెలియలేదు. ఏళ్ళు గడిచి అవ్వ మంచాన పడింది. నేను గడపలో కాలు పెట్టగానే నా ముఖం చూసేది. నోటితో ఏమీ అడిగేది కాదు. అడిగితేనే నయమనిపించేది నాకు.

ఆ తర్వాత ఒక మొక్కు తీర్చుకోవడానికి మదుర వెళ్ళి, సింగానల్లూరులోని నా మెట్టినింటికి తిరిగి వస్తున్నాం. ఎద్దు కాలు కుంటుతుంటే ఒట్టన్‌చత్రంలో సత్రం ముందు బండి విప్పాం. ఎదురుగా ఒక తెలుగు వర్తకుల ఇల్లు. పసిపాపను ఉయ్యాలలో వేసే వేడుక జరుగుతోంది. మా మాటలు విని, మనవాళ్ళేనని నన్ను లోపలికి పిలిచారు. నడవలో పూలు చుట్టిన కొయ్య ఉయ్యాల ఉంది. కాని దాని జోలికి ఎవరూ పోలేదు. ముందు వీధి అరుగు మీద, దూలానికి ఒక వెలిసిపోయిన చీరను తూళి కట్టారు. అందులో బిడ్డ లేదు. రెండంచులూ కలవకుండా మధ్యన ఒక పప్పుగుత్తి అడ్డం పెట్టారు.

"ఇదేమి ఆచారం?" అన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అడుగుతున్న ప్రశ్నే.

తల నెరిసిన ఇంటి పెద్దామె నవ్వింది. "ఇది నా తూళి తాయీ. మా మామ చింతతోపులో దీంట్లోనే నన్ను చూసె. ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చి పెంచె, పెద్దయినాక కొడుక్కే చేసుకొనె. నా సొందం వాళ్ళు వెతుక్కొంటా వస్తే ఇల్లు గుర్తుపట్టాలని దీన్ని అరుగు మీద కట్టి పెట్టిరి. ఎవరూ రాలే. అప్పటినుంచి మా ఇంట్లో బిడ్డ పుడితే ముందు దీన్ని కట్టి, తరవాతనే ఉయ్యాల ఊపేది."

అక్కడే కింద కూర్చుని అంతా చెప్పాను. మేళం ఆగిపోయింది. ఆమె కంట తడి పెట్టలేదు. ఒక్కటే అడిగింది.

"నన్ను వెతికేదానికి ఎవరూ రాలేదా?"

"మా తాత వచ్చె అత్తా" అన్నాను. నాయన చెల్లెలు కదా, ఆ పిలుపు దానంతటదే వచ్చింది. "మరునాడే వచ్చె. అప్పటికే నిన్ను ఈడికి తెచ్చుండిరి."

ఆ మాట అంటూ ఉంటే నాకు తెలిసింది, తాత అబద్ధమాడలేదని. నిజం చెప్పిన పాపానికి ఆ మనిషి మిగిలిన జీవితమంతా మాటకు నోచుకోకుండా బతికాడు.

పాపను ఉయ్యాలలో వేశాక అత్త తూళి విప్పింది. పప్పుగుత్తి కొంగులో చుట్టుకుని మా బండి ఎక్కింది.

సింగానల్లూరులో ఆగకుండా నేరుగా అన్నూరు చేరాం. మంచం దగ్గర వంగి, "అవ్వా, బిడ్డ దొరికె" అన్నాను. అవ్వ కళ్ళు వెలిగాయి. అత్తను కిందినుంచి పైకి చూసింది. అత్త ఆ పప్పుగుత్తిని ఆమె చేతిలో పెట్టింది. పిడి చివర కాలిన మచ్చను అవ్వ బొటనవేలితో తడిమింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టి, అత్త వెనకవైపూ గడప వైపూ చూసింది.

"బిడ్డేదీ?" అంది.

"నేనేమ్మా" అంది అత్త.

"కూర్చో తాయీ, అలిసుంటావు" అంది అవ్వ మర్యాదగా. "బిడ్డనెక్కడ పెడితివి?"

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు వెతికి నేను తెచ్చింది ఎవరిని? అవ్వ అడిగింది పాలు తాగే పిల్లను. ఆ పిల్లను తేవడం ఎవరి తరమూ కాదు. అత్త మంచం కోడు పక్కన కూర్చుండిపోయింది.

పొద్దు గూకింది. పశువులు వచ్చాయి. అవ్వ తల కొంచెం ఎత్తింది.

"బిడ్డ ఏడుస్తా ఉండాది. ఎవరన్నా ఎత్తుకోండే."

మేమెవరమూ కదల్లేదు. అత్త లేచింది. పెరట్లోకి వెళ్ళి, మసక చీకట్లో ఒకచోట ఆగి, వంగి, రెండు చేతులా ఏదో ఎత్తుకుంది. కొంగు కప్పింది. మెల్లగా జోకొడుతూ లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"ఎత్తుకొంటినమ్మా" అంది. "నిద్రపోయె."

అవ్వ చెయ్యి చాచి ఆ వట్టి చేతుల మీద పెట్టింది. "మెల్లగా మాట్లాడు, లేస్తుంది" అంది.

బతికినన్నాళ్ళూ అవ్వ మళ్ళీ ఆ మాట అనలేదు. అత్త అవ్వ పోయేదాకా మా ఇంట్లోనే ఉంది. పొద్దు గూకే వేళ అలాగే కూర్చునేది, దీపం పెట్టినా ఆ చేతులు దించేది కాదు.