కోసేసిన ప్రశ్నలు

మొన్న పొద్దున చాయ్ తాగుతుంటే, ఒకప్పుడు నాతో పనిచేసిన మెషిన్ భాయ్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అక్క పోయింది. కామెర్లట," అన్నాడు. ఇద్దరం బోధన్ బస్సెక్కాం. దారి పొడుగునా దుఃఖం కంటే నాకు కోపమే ఎక్కువ వచ్చింది. అది ఇంకా దిగలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

అక్క అడిగిన ప్రశ్నలు మీలో చాలామంది రేడియోలో విన్నారు. ఆమె గొంతు మాత్రం ఎవరూ వినలేదు. ఎందుకో చెబుతాను.

అరవైల్లో నిజామాబాద్‌లో ఒక చిన్న ఆఫీసు ఉండేది. రేడియోలో వచ్చే రైతుల కార్యక్రమానికి పల్లెల్లో మాటలు రికార్డు చేసి పంపడం దాని పని. చదువైపోయాక అక్కడ పని నేర్చుకోవడానికి చేరాను. రికార్డింగ్ మెషిన్ మీద టేపు ఎక్కించడం భాయ్ నేర్పాడు. మనుషులతో మాట్లాడటం అక్క నేర్పింది; ఆఫీసులో ఆమెను అందరం అలాగే పిలిచేవాళ్ళం.

ఒకసారి వేల్పూర్‌లో పసుపు ఉడకబెడుతున్న రైతు దగ్గరికి వెళ్ళాం. నేను మైకు ఆయన మూతి ముందు పెట్టి ప్రశ్న మొదలుపెట్టాను. ఆయన నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాడు. అక్క మైకు నా చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, పొయ్యి ముందు చతికిలబడింది, పొద్దున ఏం తిన్నావని అడిగింది. కాసేపటికి ఆయన పసుపు ధర మొదలుకుని అల్లుడి మీద కోపం దాకా అన్నీ చెప్పేశాడు. తిరిగి వస్తూ జీపులో నాతో అంది: "నువ్వు అడగనీకి పోయినవ్. నేను ముచ్చట పెట్టనీకి పోయిన. గంతే ఫరక్." ఇవాళ్టికీ ఎవరి ముందైనా కూర్చుంటే నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది.

ఆఫీసుకొచ్చాక అసలు పని ఉండేది. అక్క భాష ప్రసారానికి పనికిరాదని మా అధికారి హుకుం. అందుకని ఆమె ప్రశ్నలన్నీ టేపులోంచి బ్లేడుతో కోసెయ్యాలి. ఆ ఖాళీల్లో ఇంకొకావిడ గదిలో కూర్చుని అవే ప్రశ్నలను పుస్తకాల తెలుగులో చదివేది. "ఈ ఏడు చెరుకు ఎంతేసినవ్ తాతా?" అని అక్క అడిగితే, అది "ఈ సంవత్సరం మీరు ఎంత విస్తీర్ణంలో చెరకు సాగు చేశారు?" అయ్యేది. తాత జవాబు మాత్రం ఉన్నదున్నట్టే: "ఏడ ఏసిన బిడ్డా, నీళ్ళేయి?" ఆ బిడ్డ ఎవరు? తాత ఎన్నడూ మొహం చూడని మనిషి.

ఆ కోత నాకు నేర్పింది కూడా అక్కే. హెడ్‌ఫోన్లలో తన గొంతు తనే వింటూ, టేపు మీద బ్లేడు ఎక్కడ ఏటవాలుగా పెట్టాలో చూపించేది. "నా మాట కొయ్. ఆయన ఊపిరి కొయ్యకు," అనేది. ఎంత మామూలుగా అనేదో! కోసిన ముక్కలు పారెయ్యనిచ్చేది కాదు. సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోయేది. ఎందుకని అడిగితే, చిక్కుడు తీగ కట్టడానికి గట్టిగా ఉంటాయంది.

బోధన్‌లో ఆమె అవ్వ, అంటే కన్నతల్లి, బీడీలు చుట్టేది. కార్యక్రమం వచ్చే సాయంత్రం చాట పట్టుకుని పక్కింటి రేడియో ముందు కూర్చునేది. నా బిడ్డ మాట్లాడుతుందని వాడకట్టు ఆడవాళ్ళందరినీ పిలిచేది. కొన్నాళ్ళు చూసి అడిగేసిందట: "ఆళ్ళేమో బిడ్డా అంటున్నరు. అడిగేది నువ్వు గాదు. మరి నువ్వు ఆడ ఏం పని చేస్తున్నవే?" అక్క ఇది మాకు నవ్వుతూ చెప్పింది. మేము నవ్వలేకపోయాం.

అవ్వ మంచాన పడ్డాక అక్క అధికారి ముందుకు వెళ్ళింది. ఒక్క ప్రశ్న, ఒకే ఒక్కటి, తన గొంతుతో పోనివ్వమని అడిగింది. ఆయన ఫైలు మీంచి తలెత్తలేదు. "ఆ యాస ఊళ్ళో మాట్లాడుకోవడానికి బాగానే ఉంటుందమ్మా," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన్ని ఏమనాలో నాకు తెలుసు గానీ, అక్క గురించి రాస్తున్న చోట ఆ మాటలు ఎందుకు!

భాయ్ ఊరుకోలేదు. మెషినే ఇంటికి తీసుకుపోయి అవ్వకు వినిపిద్దామన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "ఇంట్ల నా గొంతు దినాం ఇనుకుంటనే ఉంది భాయ్. ఆమె రేడియోల ఇనాలె అన్నది."

అవ్వ వినలేదు. చెరకు బండ్లు ఇంకా ఫ్యాక్టరీ దారిలో బారులు తీరి ఉండగానే అవ్వ పోయింది. దినాలయ్యాక అక్క వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మళ్ళీ తన మాటలు తాను కోసుకుంటూ కూర్చుంది. కొన్నేళ్ళకు ఆఫీసు ఎత్తేశారు. టేపులన్నీ చెరిపేసి వేరే వాటికి వాడుకున్నారు. నాకు ఇంకోచోట పని దొరికింది. అక్క బోధన్ వెళ్ళి అవ్వ చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టింది. ఎన్ని ఊళ్ళను మాట్లాడించిన మనిషి!

మొన్న అందరూ శ్మశానం నుంచి తిరిగొచ్చాక ఆమె తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, రేడియోల చేసింది గద. అక్క గొంతు మీ కాడ ఏమన్న ఉన్నదా? పోరలకు ఇనిపిద్దును," అన్నాడు. లేదని నేనే చెప్పాను.

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. దడి మీద చిక్కుడు తీగ ఎండిపోయి ఉంది. ప్రతి కర్రకూ గోధుమరంగు టేపు ముడులు. కొన్ని ఎండకు వెలిసిపోయాయి. వాటి కొసలు గాలికి సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఒకటి విప్పుకుని తెచ్చుకుందామని చూశాను. గట్టిగా కట్టింది, రాలేదు.