సార్ కట్టని కోట

నాగర్‌కర్నూల్‌లో ఆదివారం టోర్నమెంటు. హాలు నిండా చెస్ గడియారాల టక్కుటక్కు. ఆ చప్పుడు మిగతావాళ్లకు హుషారు తెప్పిస్తుందేమో, నాకు మాత్రం గుండె బరువెక్కుతుంది. వనపర్తిలో దావీదు సార్ ఆడిన చివరి పోటీ కళ్ల ముందుకొస్తుంది.

గట్టు ఊరి బడిలో ఆయన మాకు లెక్కల సార్. చదరంగమూ ఆయనే నేర్పారు. ఆ ఆట ఆయనకు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. డ్యాముల పనికి వలసపోయిన ఆ నాన్న, గుడారాల దగ్గర గోనెసంచి మీద బొగ్గుతో గళ్లు గీసి నేర్చుకున్న నాటు ఆట అది. అందులో రాజును మూలకు చేర్చి ఏనుగును కాపలా పెట్టే కోట ఉండదు. బదులుగా రాజు ఆటకోసారి గుర్రంలా దూకవచ్చు. టోర్నమెంటు పద్ధతులు సార్ పెద్దయ్యాక నేర్చుకున్నారు. అందుకేనేమో, కోట దగ్గర మా ప్రాణాలు తోడేసేవారు. "ముందుగాల కోట కట్టు బిడ్డా. లడాయి ఎప్పుడన్న చేయొచ్చు. రాజు బయట ఉంటె నీకు నిద్ర పడ్తదా?" అనేవారు. నేనేమో మొండిఘటాన్ని. దాడికి ఎగబడి, ఓడి, ఏడ్చేదాన్ని.

రిటైరయ్యాక సార్‌ది ఒకటే కోరిక, ఆటగాడి స్థాయిని అంకెలో చెప్పే రేటింగ్ తెచ్చుకోవాలని. వనపర్తిలో ఆఖరి రౌండు గెలిస్తే వస్తుంది. నేను తోడు వెళ్లాను. మంత్రి ముందు బంటుతో చక్కగా మొదలుపెట్టారు. గుర్రాలు, శకట్లు బయటికొచ్చాయి. ఇక కోట కడతారని చూస్తున్నాను. కట్టలేదు. ఎదుటివాడి శకటు వచ్చి ఆ దారి మూసేసింది. అప్పుడు సార్ రాజును పట్టుకొని గుర్రంలా దూకించారు. నిర్వాహకుడు వచ్చి, "గిట్ల పోదు సార్. ముట్టుకున్నరు గద, రాజునే జరపాలె" అన్నాడు మెల్లగా. "ఎందుకు పోదు? ఒక్కసారి పోతది గదా!" అన్నారు సార్, నిజంగానే తెలియక. ఆ ముఖం చూసి నాకు భయమేసింది. రాజును పక్క గడిలోకి జరిపారు, కాసేపటికే ఓడిపోయారు. బస్సులో "ఏమైంది నాకు?" అని అడిగారు. మతిమరుపు జబ్బని తర్వాత దవాఖానలో చెప్పారు.

చివరిసారి గద్వాలలో, ఆయన కూతురింట్లో కలిశాను. చదరంగం బల్ల వేసి ఆడటం మొదలుపెట్టామే గానీ, నా చూపంతా పావుల్ని తడుముకుంటున్న ఆయన చేతుల మీదే. "మంచిగనే ఆడ్తున్నవ్. ఎవరు నేర్పిండ్రు బిడ్డా?" అన్నారు. "మీరే సార్" అన్నాను. బల్ల వంక చూసి తల అడ్డంగా ఊపారు. "నేను నేర్పినోళ్లు రాజును ఇంకా బయట నిలవెట్టరు."

వెంటనే కోట కట్టాను. "ఆఁ, ఇగ నిద్రపో" అన్నారు. వానలు పడకముందే పోయారు.

ఇప్పుడు దాడి ఎంత ఊరించినా ముందు కోటే కడతాను. రాజు మీద చెయ్యి వేసినప్పుడల్లా సార్ అయోమయపు ముఖం కనిపిస్తుంది. ఆయనకు మాత్రం మేమెవరమూ కోట కట్టలేకపోయాం.