ఆకుది కాదు

ఇలా నా పక్కకు జరగండి, ఆ పీట లాక్కుని కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు. చెబితే నా మనసు తేలికపడుతుందనీ కాదు, వింటే మీ ఇంటికి పనికొస్తుందని.

మాది కొవ్వూరు దగ్గర కాలవ గట్టు ఊరు. గట్టు పొడవునా కామంచి మొక్కలు వాటంతటవే మొలుస్తాయి. మిరప మొక్కంత ఎత్తు, మిరియాలంత కాయలు. పండి నల్లబడితే పిల్లలు తిని నాలుకలు ఊదా రంగు చేసుకుంటారు. పచ్చికాయ మాత్రం ముట్టనివ్వం, అది విషం. నోరు పూస్తే ఆకు నమలమంటాం. జ్వరం తగ్గి నోరు చేదెక్కినవాళ్లకు ఆ ఆకుతో పప్పు వండుతాం. పచ్చకామెర్లకు మాత్రం మా అత్తగారి చేతి పసరే కావాలని పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చేవారు.

దానికొక కట్టడి ఉంది. మందుకని కోసినప్పుడు మొక్క పేరు పలకకూడదు, పలికితే గుణం పోతుంది. పప్పులోకయితే కామంచి, మందులోకయితే వట్టి ‘ఆకు’. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, “కామంచేనా అత్తయ్యగారూ?” అన్నాను. ఆవిడ అరచెయ్యి అడ్డంగా ఊపి, “నోరు ముయ్యవే! ఇంకిది గడ్డితో సమానం,” అని గిన్నెడు పసరూ పారబోశారు.

వచ్చిన ప్రతివారికీ ఆవిడ పసరు పోసేవారు కాదు. కంటి రెప్ప కిందికి లాగి చూసేవారు. “నిన్న ఏం కూర తిన్నావు? మీ గేదె ఈనిందా?” అని మాటల్లో పెట్టేవారు. మాట తడబడినా, కూర్చున్నచోటే కునికినా, అదే అరచెయ్యి అలాగే ఊపేవారు. “ఇది ఆకుది కాదండి, ఆకుకి లొంగదు. ఇప్పుడే రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్లిపోండి,” అనేవారు.

తరవాత ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కా, మాటా రెండూ పోయాయి. జనం నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కోడలి చెయ్యి కూడా మంచిదేనంటే పొంగిపోయాను.

నిరుడు వానల్లో మా ఆడపడుచు కళ్లు పసుపు ముద్దల్లా చేసుకుని వచ్చింది. ఆస్పత్రికి వెళ్దామని మా ఆయన అంటే, “అమ్మ ఆకుండగా సూదులెందుకన్నయ్యా? వదినకి పొగరెక్కుద్దేమో, అంతేగా, నే పడతాలే,” అంది.

మర్నాడు పొద్దున్న కాఫీలో పంచదార అనుకుని ఉప్పు కలుపుకుంది. సగం తాగేసి, “ఏంటొదినా, ఈ ఇంట్లో పంచదారక్కూడా తీపి తగ్గిపోయిందా?” అంది.

“పుట్టింటి ఉప్పు తిన్నావు, ఇంక విశ్వాసంగా పడుండు,” అన్నాను. అందరం నవ్వాం. నవ్వుతూనే తను అత్తగారి కళ్లెదుటే గోడకు జారబడి కునికింది.

అత్తగారి మంచం పక్కనే కూర్చుని ఆకు నూరుతున్నాను. ఉత్సాహంలో నోరు జారాను. “కామంచి ఎంత లేతగా ఉందో చూడండి అత్తయ్యగారూ!”

ఆవిడ ఎడమ చెయ్యి లేచి అడ్డంగా ఊగింది. నాలుక కరుచుకున్నాను. పసరు పారబోసి, మళ్లీ గట్టుకు వెళ్లి, నోరు మెదపకుండా కోసుకొచ్చి నూరాను. ఆ చెయ్యి మళ్లీ ఊగింది. మంచం పట్టె మీద దబదబా కొట్టింది.

“ఈసారి పేరు ఎత్తలేదండీ, మీమీద ఒట్టు,” అన్నాను. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారాయి. కూతురి మీద బెంగ అనుకుని పైటచెంగుతో తుడిచాను.

మూడు రోజులు మజ్జిగలో పసరు పోశాను. నాలుగో రోజు తను సొంత అన్నయ్యనే “ఎవరండీ మీరు?” అని అడిగింది. కారులో గోదావరి బ్రిడ్జి దాటించి రాజమండ్రి చేర్చేటప్పటికి తెలివి లేదు. “మాట తేడా, మగతా ఎప్పటినుంచండి?” అని డాక్టరుగారు అడిగారు. ఉప్పు కాఫీ గుర్తొచ్చింది. వెంటనే ఆ చెయ్యి కళ్ల ముందు ఊగింది. అది పేరు గురించి కాదు. కన్నతల్లి రెండుసార్లు చెప్పింది, ఆకుది కాదని. రెండుసార్లూ నేను వినలేదు.

ఆస్పత్రిలో చేర్చిన రెండో రోజుకు తను పోయింది.

ఇప్పుడు నేను ఆకు నూరడం లేదు. ఎవరొచ్చినా చెయ్యి ఊపి ఆస్పత్రికి పంపేస్తున్నాను. గట్టు మీద కామంచి కాస్తూనే ఉంది, పండినవి పండినట్టే రాలిపోతున్నాయి. అత్తగారు మంచంలో అలాగే ఉన్నారు. ఆ ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. అన్నం పెట్టేటప్పుడు నేను ఆవిడ మొహం చూడను.

వెళ్లిరండి. మీ ఇంటిల్లిపాది కళ్లూ మల్లెపువ్వుల్లా తెల్లగా ఉండాలి. మీ ఇంట్లో మాట పడిపోయిన పెద్దవాళ్లుంటే, వాళ్ల చెయ్యి చెప్పేది మీకు మొదటిసారే తెలియాలి.