వలయం దగ్గర ఆగిన వాయువు

ఆవిడకు ఖగోళ పరిశోధన సంస్థలో పెట్టిన పేరు ఉడుంపట్టు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు లెండి. నడుమ అడ్డకడ్డీలా నక్షత్రాలు పేరుకున్న సుడి గెలాక్సీలంటే ఆవిడకు ప్రాణం. ఆ కడ్డీ వెంట వాయువు లోపలికి జారుతుంది. మరి నట్టనడుమ కృష్ణబిలం దాకా చేరుతుందా? చేరుతుందని కంప్యూటర్‌లో నమూనా నడిపించి, పోయినేటి సమావేశంలో అందరికీ చూపించి శభాష్ అనిపించుకుంది. ఉద్యోగం పొడిగిస్తారా లేదా అన్నది ఆ ఫలితం మీదే ఉంది.

ఈ ఏటి సమావేశం దగ్గరపడుతుండగా ఏదో అనుమానం పీకింది. లెక్క కోసం గెలాక్సీని విడగొట్టిన గళ్ళను ఇంకా చిన్నవి చేసి చూసింది. ఓరి నాయనో! వాయువు నడుమకు పోనేలేదు. ఇవతలే వలయంలా చుట్టుకుని అక్కడక్కడే తిరుగుతోంది. పెద్ద గళ్ళలో లెక్క మొద్దుబారి, వాయువు తిరిగే ఊపు ఉత్తుత్తిగా తగ్గి, లోపలికి జారిపోయిందన్నమాట. గళ్ళు మరీ చిన్నవి చేసింది. వలయం లోపలికి జరిగితే ఒట్టు. కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. తర్వాత ముఖం కడుక్కుని, ఆ ఫలితం మీద తనతోపాటు పేరున్న ప్రొఫెసర్ గదికి వెళ్ళి సంగతి చెప్పింది.

ఆయన అంతెత్తున లేచాడు. “పాత బొమ్మే చూపించమ్మా! అందరూ అలాంటి గళ్ళతోనే నెట్టుకొస్తున్నారు. ఎవరడుగుతారు?”

“నేనే అడుగుతాను సార్. వాయువు తనంతట తను వెళ్ళలేదు. నేను తోశాను.”

“అయితే నా పేరు తీసెయ్.”

“తీసేస్తాను సార్.”

ఇంట్లో అక్క నెత్తి కొట్టుకుంది. “నోటికాడి కూడు కాలదన్నుకుంటావటే! ఉద్యోగం ఊడితే?”

“ఊడితే ఊడనీ అక్కా. తప్పని తెలిశాక నిలబడి ఎలా చెప్పను?”

అక్క గొణుక్కుంటూనే మర్నాటి బట్టలు ఇస్త్రీ చేసిపెట్టింది.

సమావేశంలో తెర మీద ఒక్క పేరే ఉంది. “పోయినేడు నేను చూపించింది తప్పు,” అని మొదలుపెట్టింది. పాత బొమ్మ పక్కనే కొత్తది పెట్టి, మొత్తం విప్పి చెప్పింది.

“మరి కృష్ణబిలానికి మేత ఎలా అందుతోంది?” అన్నారెవరో.

“ఇంకా తెలీదండీ.”

“తెలీదంటే సరిపోతుందా? ఎవరు తేలుస్తారు?” ముందు వరసలోంచి ప్రొఫెసరే అందుకున్నాడు. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

“నేనే సార్,” అందావిడ. “ఇక్కడ కాకపోతే ఇంకోచోట.”