అమావాస్య ఫోటోల్లో కందిలి

సురంగల్‌లో మిద్దె మీద గది కిరాయికి తీసుకున్నది ఆకాశం కోసమే. వారమంతా ఆఫీసులో కోడు రాసి, అమావాస్య రాగానే కెమెరా సంచితో అక్కడికి పారిపోయేవాణ్ణి. ఇల్లుగల అవ్వకు నేనొక వింత.

"మందికి పున్నమి కావాలె, నీకు అమాస కావాల్నా?" అని వెక్కిరించేది.

నిజానికి ఆవిడకూ అమావాస్యే ముఖ్యం. ఆ రోజు పొద్దుగూకగానే మిద్దెకు దక్షిణాన ఉన్న తమ చేనులోకి వెళ్లి, భర్త సమాధి దగ్గర కందిలి వెలిగించి వచ్చేది. తెల్లారేదాకా అది వెలుగుతూనే ఉండేది.

తర్వాత కొడుకులు ఆ చేను అమ్మారు. వెంచర్ వేశారు. అక్కడి చీకటి మీద మోజుతో నేనూ ఒక ప్లాటు కొన్నాను. జేసీబీ గట్లన్నీ చదును చేసి మట్టి పోసేసరికి అవ్వకు సమాధి జాగా తెలియకుండా పోయింది.

"గట్లు చూసి నడిచినదాన్ని బిడ్డా. గిప్పుడు అంత ఒక్కతీర్గనే ఉన్నది. కందిలి యాడ పెట్టాలె? నీ ఫోటోలల్ల గా జాగ పడలేదా?"

పడి ఉండాలి. మిద్దె మీద నా కెమెరా ఎప్పుడూ ఆ చేను వైపే చూసేది. కానీ నేను దాచుకున్న ఏ ఫోటోలోనూ లేదు. గంటలకొద్దీ తీసిన వాటిని సాఫ్ట్‌వేర్ నక్షత్రాల గుర్తులతో ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. కెమెరా నక్షత్రాల వెంట తిరుగుతుంది కాబట్టి నేలే జరిగినట్టు పడుతుంది. చుక్కలతో పాటు నిలబడనిదల్లా దానికి చెత్త. విమానం, ఉపగ్రహం, కందిలి, అన్నిటినీ ఒకే గాటన కట్టి తుడిచేస్తుంది. రాత్రంతా ఉన్నచోటే ఉన్న దీపాన్ని కదిలిందని తీసేసింది, దాని తెలివి తగలెయ్య!

ఆదివారం మధ్యాహ్నం అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని అసలు ఫైళ్లు తెరిచాను. ఈసారి నక్షత్రాలను వదిలేసి, చేనులోని కరెంటు స్తంభాలు గుర్తుగా పెట్టి పేర్చాను. నేను ప్రాణంగా చూసుకున్న పాలపుంత గీతలు గీతలుగా చెదిరిపోయింది. కింద నల్లటి నేలలోంచి ముందు స్తంభాలు తేలాయి, ఆ తర్వాత పసుపుపచ్చని చుక్క ఒకటి. ఇన్నాళ్లూ ప్రతి ఫోటోలోంచీ అది నన్ను చూస్తూనే ఉంది. అవ్వ కొంగు తలమీదికి లాక్కుంది, మొగుడు ఇంట్లోకి వచ్చినట్టు.

ప్రింటు తీసుకుని ఇద్దరం వెంచర్‌లోకి నడిచాం. ఫోటోలో కందిలి రెండో స్తంభానికి సూటిగా ఇవతల ఉంది. అక్కడి నుంచి మిద్దె వైపు నేల చూసుకుంటూ వచ్చాం. ఒకచోట మట్టిలోంచి సమాధి రాతి మూల కాస్త పైకి కనిపించింది. పక్కనే హద్దురాయి. దానిమీద నంబరు నాది.

టెలిస్కోపుకు గది కట్టాలనుకున్నది అక్కడే. ఏ దీపం వెలుగూ సోకకుండా గోడలు ఎంత ఎత్తు లేపాలో కూడా మేస్త్రీకి చెప్పి ఉంచాను.

"అవ్వా, ఇది నా ప్లాటే," అన్నాను. తిడుతుందని కాదు, తిట్టదేమోనని భయం.

ఆవిడ కింద కూర్చుని ఆ సమాధి రాయిని తడిమింది.

"మంచిగైంది. ఇల్లు కట్టుకో బిడ్డా. జర దీపమొక్కటి పెడుతుండు. ఆయనకు చీకటంటే మస్తు భయం."