కాకులు లేని దీవి

ముందే చెప్పేస్తున్నాను, దయ్యాలు లేవు. ముప్పై ఏళ్ళ పైన పథాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. నేను కోసి చూసిన శవాల్లో ఒక్కటీ లేచి కూర్చోలేదు. ఒక్కటీ నా కలలోకి రాలేదు. ఆత్మలూ, అంతుపట్టని నీడలూ అంటూ ఎవరైనా నా దగ్గర మొదలుపెడితే కాఫీ కలపడానికి లేచి వెళ్ళిపోతాను.

కాబట్టి ఇది చదివి "చూశారా, డాక్టరమ్మ కూడా నమ్మేసింది" అని సంబరపడాలనుకునే వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేనేమీ నమ్మలేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. చూసింది నేనొక్కదాన్నే కాదు, ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకాయన ఒప్పుకోడు. ఆయన సంగతీ చెబుతాను.

మా అమ్మకి నేనొక్కదాన్నే సంతానం. నాన్న పోయాక న్యూజెర్సీ వచ్చేసి చివరిదాకా నా దగ్గరే ఉంది. ఐసెలిన్‌లో మన కొట్లకి తీసుకెళ్తే ములక్కాడల్ని ఒక్కొక్కటీ వంచి చూసి, కొట్టువాడికి క్లాసు పీకి, కొనకుండా వచ్చేసే మనిషి. గారెలంటే ప్రాణం. అయితే గారె మొత్తం తినేది కాదు. చుట్టూ కరకరలాడే అంచు ఒలుచుకు తినేసి, చిల్లు చుట్టూ ఉండే మెత్తటి భాగం పళ్ళెంలో వదిలేసేది. ఇదేం తిండమ్మా అంటే, "అది పళ్ళు లేనివాళ్ళకి" అనేది. కట్టుడు పళ్ళు పెట్టుకున్నది ఆవిడే!

చివరి రెండేళ్ళూ మంచం మీదే ఉంది. అన్నం కలిపి నోట్లో పెట్టింది నేను. నోరు తుడిచింది నేను. పోయాక మాత్రం నేను ఎందుకూ పనికిరాకుండా పోయాను.

కర్మ చేయించింది మా బాబాయి. నాన్నకి ఆఖరి తమ్ముడు, రిటైరైన సివిల్ ఇంజనీరు, ఎడిసన్‌లో ఉంటాడు. నాకు కొడుకులు లేరు, అమ్మకీ లేరు కాబట్టి జెర్సీ సిటీలో ఉండే తన కొడుకుని కర్తగా కూర్చోబెట్టాడు. వాడు మంచివాడే, పాపం ఆఫీసుకి సెలవు పెట్టి వచ్చాడు. పదోరోజున ఒక పార్కులో, వాగు పక్కన పిండం పెట్టారు. నేను దూరంగా కార్ల దగ్గర నిలబడాలి. ఆడవాళ్ళు రాకూడదట.

కాకి ముట్టలేదు.

కాకులు లేక కాదు. పార్కింగ్ లాట్‌లో బోలెడున్నాయి. ఎవరో పారేసిన ఫ్రెంచ్ ఫ్రైస్ కోసం తన్నుకు చస్తున్నాయి. పిండం వైపు ఒక్కటీ తిరిగి చూడలేదు. బాబాయి తప్పంతా కాకుల మీదికి నెట్టాడు: "ఇవి బొంతకాకులు. మెడ దగ్గర బూడిదరంగుండే మన కాకులైతే ఈపాటికి ముట్టేవి." తర్వాత ఆవిడకేదో కోరిక మిగిలిపోయిందన్నారు. మనవరాలి పెళ్ళి చేస్తామన్నారు, కాశీ వెళ్తామన్నారు, పిండం ముందు నిలబడి ఏవేవో మాటిచ్చారు. చలిలో అందరం బిగుసుకుపోయాం.

నేను వెళ్ళి ఒక్కమాట పిలుస్తానన్నాను. బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆడపిల్ల పెడితే ముట్టదే. ఉన్నది కూడా చెడిపోతుంది" అన్నాడు. చివరికి పురోహితుడు దర్భలతో కాకిని చేసి, దాంతో ముట్టించి అయిందనిపించాడు.

కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తిగా వెళ్ళినట్టని నేను ఒక్కనాడూ నమ్మలేదు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి స్నానాల గదిలో గొళ్ళెం పెట్టుకుని ఏడ్చాను. అమ్మ తృప్తి లేకుండా పోయిందని నలుగురూ నలుగురికీ చెప్పుకుంటున్నారు. రెండేళ్ళు నా చేతి ముద్ద తిన్న మనిషికి నేను ముద్ద పెడితే చెడిపోతుందట. నా కోపం అమ్మ మీద కాదు, కాకుల మీద అంతకన్నా కాదు.

మరుసటి ఏడు మా అమ్మాయి నిత్య హవాయిలో పెద్ద దీవికి ట్రిప్ బుక్ చేసింది. దానికి అక్కడి అగ్నిపర్వతం చూడాలని ఎప్పటినుంచో ఉంది. పిన్ని పోయి ఒంటరిగా ఉంటున్నాడని బాబాయిని కూడా తీసుకెళ్దామంది. నేను ఊఁ అన్నాను. కోపం ఉంటే మాత్రం, బాబాయి బాబాయే కదా.

ఆ దీవిలో హిలో అనే ఊళ్ళో దిగాం. జలపాతం చూశాం. లావా పారి గట్టిపడ్డాక మిగిలిన సొరంగంలో నడిచాం. నేలలోంచి ఆవిరి లేచే చోట బాబాయి నిలబడి, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుందని ఆనందపడ్డాడు. అగ్నిబిలం దగ్గర మాత్రం ఆ వారం పొగ తప్ప ఏమీ లేదు. "లావా చూపిస్తామని తీసుకొచ్చి పొగ చూపిస్తారా!" అని నిత్యని సాయంత్రం దాకా ఆటపట్టించాడు.

విజిటర్ సెంటర్లో పక్షుల గురించి ఒక బోర్డు ఉంది. నిత్య చదివి చెప్పింది. ఈ దీవి అడవుల్లో ఒక జాతి కాకి ఉండేదట. ఇప్పుడు బయట ఒక్కటీ లేదట, పంజరాల్లో పెంచుతున్నారట. ఇంకే రకం కాకీ ఈ దీవిలో లేదట. బాబాయి కూడా విన్నాడు.

ఆ సాయంత్రం అద్దె ఇంటికి తిరిగొచ్చాక ఫోనులో పంచాంగం చూసి మెల్లగా అన్నాడు. "రేపు వదిన తిథి. జెర్సీ సిటీలో మావాడు పెడుతున్నాడు. మనం ఇక్కడ ఒంటిపూట భోజనం చేస్తే చాలు."

నేను లేచాను. వెళ్ళి మినప్పప్పు నానబోశాను.

మేం ఎక్కడికెళ్ళినా ఒక సూట్‌కేసు నిండా వంటసామానే. మినప్పప్పు, చిన్న మిక్సీ, ఆవకాయ, అన్నీ ఉన్నాయి. పొద్దున్నే గారెలు వేస్తుంటే స్మోక్ అలారం ఇల్లెగిరిపోయేలా మోగింది. నిత్య కుర్చీ ఎక్కి టవలు ఊపుతుంటే నేను ఆపకుండా వేస్తూనే ఉన్నాను. హిలో సంతలో కొన్న అరటాకు కడిగి చుట్టి పెట్టుకున్నాను. బాబాయి అన్నీ చూస్తూ కాఫీ తాగాడు. 

మధ్యాహ్నానికి నల్ల ఇసుక బీచ్ చేరుకున్నాం. ఇసుక నిజంగానే బొగ్గుపొడిలా నల్లగా ఉంది. పెద్ద తాబేళ్ళు రెండు ఒడ్డున పడుకుని ఎండ కాగుతున్నాయి. దగ్గరికి వెళ్ళకూడదని బోర్డులు పెట్టారు. కొబ్బరిచెట్ల కింద బల్లలున్నాయి. వాటి పక్కన లావారాళ్ళు పేర్చిన పిట్టగోడ. జనం బాగానే ఉన్నారు. పిల్లలు, ఐస్‌క్రీములు, పట్టపగటి ఎండ. భయపడే వాతావరణం ఏ కోశానా లేదు.

నేను ఆకు ముక్క చింపి గోడ మీద పరిచాను. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, రెండు గారెలు పెట్టాను.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు బాబాయి.

"అమ్మకి అన్నం పెడుతున్నాను."

"ఆడపిల్ల పెడితే ముట్టదని చెప్పానా లేదా? అయినా ఇక్కడ కాకులెక్కడివి? వచ్చినప్పటినుంచీ చూస్తున్నా, అన్నీ గోరింకలే."

"అందుకే పెడుతున్నాను బాబాయ్. కాకులే లేనిచోట ముట్టకపోతే అది నా తప్పు కాదు. నేను పెట్టానా లేదా, అదీ నాక్కావలసింది."

ఇది మొండితనమే. కాదనను. ఒక ఏడాది పాటు నమిలి మింగిన కోపం అది. మొక్కులు మొక్కలేదు, మాటలివ్వలేదు. "అమ్మా, గారెలు చేశాను, తిను" అన్నాను. అని వెనక్కి తిరిగి, మా ముగ్గురికీ పళ్ళాలు సర్దడం మొదలుపెట్టాను.

"అమ్మా, డోంట్ మూవ్," అంది నిత్య. "నీ వెనక ఉంది. క్రో."

మెల్లగా తిరిగాను. గోడ మీద కాకి ఉంది.

ఎటునుంచి వచ్చిందో ముగ్గురిలో ఎవరమూ చూడలేదు. నల్లటి తల, నల్లటి రెక్కలు, మెడ చుట్టూ బూడిదరంగు. సన్నటి ముక్కు. అమెరికాకొచ్చిన ఇన్నేళ్ళలో ఇక్కడ అలాంటి కాకిని నేను చూడలేదు. చిన్నప్పుడు మా పెరటి గోడ మీద వాలే కాకి అది.

తల పక్కకి వంచి నన్ను చూసింది. రెండు గెంతులు గెంతి ఆకు దగ్గరికొచ్చింది. అన్నంలో పొడిచి నాలుగు మెతుకులు తింది. తర్వాత ఒక గారెని కాలికింద తొక్కిపెట్టి తీరిగ్గా తినడం మొదలుపెట్టింది. గోరింకలు బల్లల కింద తిరుగుతున్నాయి గానీ అటు రాలేదు.

నిత్య ఫోను పైకెత్తింది. బాబాయి దాని చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు చూశాను ఆయన్ని. టోపీ తీసేసి ఉన్నాడు. చెప్పులు కూడా విడిచాడు. కాలే ఇసుకలో ఉత్త కాళ్ళతో నిలబడ్డాడు.

"వద్దమ్మా," అన్నాడు. "భోంచేసేటప్పుడు ఫొటోలేంటి?"

తినడం అయ్యాక కాకి ఆకు అంచున ముక్కు రుద్దుకుంది. లేచి కొబ్బరిచెట్ల మీదుగా సముద్రం వైపు వెళ్ళిపోయింది. నేను ఆకు దగ్గరికి వెళ్ళాను. రెండు గారెలకీ అంచులు లేవు. చిల్లు చుట్టూ ఉన్న మెత్తటి భాగం మాత్రం రెండు ఉంగరాల్లా ఆకులో మిగిలింది.

కాకి వెళ్ళిపోయాక నిత్య తీసిన ఫొటో నా దగ్గరుంది. అందులో ఆకు ఉంది, గారెలున్నాయి. కాకి లేదు. కావాలంటే ఎవరికైనా చూపిస్తాను.

మర్నాడు మళ్ళీ విజిటర్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడి రేంజరు అమ్మాయి నవ్వలేదు, శ్రద్ధగా విన్నది. పంజరాల్లో పెంచే ఆ దీవి కాకి ఫొటో చూపించింది. ఒళ్ళంతా నలుపు, మందపాటి ముక్కు. అది కాదన్నాను. ఫోనులో రకరకాల కాకులు చూపిస్తే బూడిద మెడ కాకిని నేనూ నిత్యా ఒకేసారి చూపించాం. ఆ అమ్మాయి ముఖం మారింది. ఇది ఇండియా కాకి, ఇక్కడ ఉండదే అంది. బయటి పక్షులు వస్తే దీవికి ప్రమాదమట, అందుకని వివరాలన్నీ రాసుకుంది. మేం ఇంటికొచ్చాక ఒక మెయిల్ పంపింది. ఆ చుట్టుపక్కల వెతికారట. ఏమీ కనబడలేదట.

నేనూ ఊరుకోలేదు, చదివాను. ఆ జాతి కాకులు ఓడలెక్కి దేశాలు దాటుతాయట. సరే, ఇదీ హిలో రేవులో ఓడ దిగిందనుకుందాం. గారె అంచు నూనె పీల్చుకుని రుచిగా ఉంటుంది, కాకికీ అదే ఇష్టమనుకుందాం. ఇలా ఒక్కొక్కదానికీ జవాబు చెప్పగలను. అన్నీ కలిసి ఆ తిథినాడు, ఆ గోడ మీద, నేను పిలిచిన వెంటనే ఎందుకు జరిగాయో మాత్రం చెప్పలేను. ఎంత ఆలోచించినా నా చదువు అక్కడే ఆగిపోతోంది. అయినా ఎవరైనా వచ్చి అది ఆత్మ అంటే ఇప్పటికీ కాఫీ కలపడానికే వెళ్తాను.

బాబాయి మాత్రం ఎడిసన్ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అది గోరింకంటాడు. ఎండలో మా ఇద్దరికీ కళ్ళు చెదిరాయట. నిత్య "చిన్నతాత లయర్" అంటుంది. నేను వాదించలేదు.

మొన్న చలికాలంలో ఆయనకి గుండెకి చిన్న ఆపరేషనయింది. కోలుకుని ఇంటికొచ్చాక ఒకరోజు ఫోన్ చేశాడు. వాతావరణం, కూరగాయల ధరలు, అన్నీ అయ్యాయి. అయినా ఫోను పెట్టెయ్యడు.

"అమ్మాయ్, మావాడికి చెప్పేశాను. నా పదోరోజున మంత్రాలూ అవీ వాడు చూసుకుంటాడు. పిండం మాత్రం నువ్వు పెట్టు."

"అది గోరింకన్నావు కదా బాబాయ్?"

 

"గోరింకేలే," అన్నాడు. "అయినా నువ్వే పెట్టు. గారెలు కూడా చెయ్యి. నేను మీ అమ్మలా మధ్యది వదిలెయ్యను, మొత్తం తింటాను."