చెత్తబుట్టలో పదకొండు అధ్యాయాలు

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ కోతల డాక్టరు అంటారు. పదో తరగతి మధ్యలో బడి మానేసిన మనిషి. మానేశాడంటే ఒప్పుకోడు, తనకు చెప్పడానికి మాస్టార్ల దగ్గర సరుకు అయిపోయిందంటాడు. మూడు రోజులు వరదనీళ్ళలో నానిన కంప్యూటరును ఉతికి ఆరేసి బతికించాడట. అందులో చేపపిల్ల కూడా దొరికిందట. వినేవాళ్ళు నవ్వి ఊరుకుంటే, వచ్చే వారానికి ఆ చేప రెండు కిలోలు తూగుతుంది.

ఆ ఉదయం టైపింగ్ షాపు ఆవిడ పిలిచింది. ఆవిడ కంప్యూటరు ఆన్ చేసి, షాపంతా ఊడ్చి, జడ వేసుకుని వచ్చినా అది ఇంకా ఆవులిస్తూనే ఉంటోంది.

"డిస్కు నిండిపోయింది చెల్లెమ్మా. పైగా ఒక్కో ఫైలూ వంద ముక్కలై తలో మూలా పడుంది. దర్జీ ఒకే చొక్కాకి కాలరు అటక మీదా, చేతులు మంచం కిందా దాచుకున్నట్టుంది. ముందు చెత్త ఊడ్చేసి, తర్వాత ముక్కలన్నీ ఒక వరసలో పేర్చేస్తా."

"ఎంతసేపు అన్నయ్యా? సాయంత్రం తన పుస్తకం కోసం మాస్టారు వస్తారు."

"ఇంకొకరికైతే పూటంతా. నన్ను చూస్తే అదే భయపడి సర్దుకుంటుంది."

ఆవిడ జిరాక్సు మిషను వైపు వెళ్ళింది. ఈయన అక్కర్లేనివన్నీ తీసేశాడు, తెర మీది చెత్తబుట్ట ఖాళీ చేశాడు, సర్దుడు మొదలుపెట్టి కాళ్ళు చాపాడు. నాలుగు శాతం అయ్యేసరికి ఆవిడ తిరిగొచ్చింది.

"నా బుట్ట ఖాళీగా ఉందేంటి?"

"చెత్తబుట్ట ఖాళీగా కాక పూలతో ఉంటుందా?"

"పూర్తయిన పనులన్నీ అందులోనే పెడతానన్నయ్యా! వెతుక్కోకుండా కళ్ళెదురుగా ఉంటుందని. మాస్టారి పుస్తకం ఆరు నెలలు టైపు చేశాను. రేపే ప్రెస్సుకి వెళ్ళాలి!"

డాక్టరు కాళ్ళు ముడుచుకుని సర్దుడు ఆపేశాడు. చెరిపిన ఫైలు వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని మాత్రమే డిస్కు రాసుకుంటుంది. కానీ సర్దుడు ఆ ఖాళీల్లోకే వేరే ముక్కల్ని తెచ్చి పెడుతుంది. అలా పెట్టిన చోట పాతది ఇక దొరకదు.

డిస్కు విప్పి, తన షాపుకి తీసుకెళ్ళి, తన కంప్యూటరుకి తగిలించి వెతికాడు. మధ్యాహ్నం భోజనం లేదు, చేప కథ లేదు. పదకొండు అధ్యాయాల్లో తొమ్మిది దొరికాయి. నాలుగోది, ఎనిమిదోది పిచ్చిగీతలై వచ్చాయి. ఆ రెండూ కలిపి ముప్ఫై ఒక్క పేజీలు.

మాస్టారి చేతిరాత నోటుపుస్తకాలు ఆవిడ షాపులోనే ఉన్నాయి. డిస్కు తిరిగి బిగించి డాక్టరు చదువుతుంటే ఆవిడ టైపు చేసింది. ఏడో పేజీలో ఉండగా మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ నోరు తెరిచేలోపే డాక్టరు లేచాడు.

"తప్పు నాదే మాస్టారూ. అడక్కుండా పారేశాను."

ఆ వాక్యం ఆయన నోట రావడం అంతవరకూ వీధిలో ఎవరూ వినలేదు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఇందాక చదివావే, అది 'విచక్షణ'రా, 'విచారణ' కాదు. చదివింది చాలుగానీ ఇలా ఇవ్వు. అమ్మాయికి నేను చదువుతా. నువ్వెళ్ళి నీ కంప్యూటరు కూడా పట్రా, చెరో అధ్యాయం కొట్టండి."

డాక్టరు తన కంప్యూటరు తెచ్చుకుని, నోటుపుస్తకం చూస్తూ రెండు వేళ్ళతో ఎనిమిదో అధ్యాయం మొదలుపెట్టాడు.